ఏం లోటని అమ్మకి డిప్రెషన్?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 54 ఏళ్లు. నాన్నగారు రిటైరయ్యాక, రెండేళ్ల కిందట, ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి మారారు. మీరు బెంగళూరులో, తమ్ముడు అమెరికాలో. పోయినేడాది అమ్మమ్మ పోయారు. ఆరు నెలలుగా అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి హాల్లో ఒక్కరే కూర్చుంటున్నారు. తిండి తగ్గింది, ఒళ్లంతా నొప్పులంటున్నారు, చుట్టాలు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. ఈసీజీ, ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరు "డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్టుకి చూపించండి" అంటే నాన్నగారు "పెన్షన్ వస్తోంది, పిల్లలు సెటిలయ్యారు, ఏం లోటని డిప్రెషన్?" అన్నారు. మీరు అడిగింది కూడా దాదాపు అదే: అసలు దీనికి కారణం ఏమిటి?

నేను సైకియాట్రిస్టుని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. "ఏం లోటు" అన్న మాట వినకుండా ఒక్క వారం కూడా గడవలేదు. నాన్నగారి మీద నాకు కోపం లేదు, ఆయన భయపడుతున్నారు. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. బాధకి తగినంత కారణం కనిపిస్తేనే అది నిజమైన బాధ, లేకపోతే అది మొండితనమో, సుఖం ఎక్కువవడమో అన్న లెక్క. షుగర్ వచ్చినవాళ్లని మనం "ఏం లోటని వచ్చింది" అని అడగం. ఇక్కడ మాత్రం అడుగుతాం. అంతకంటే బాధాకరం ఏమిటంటే, ఆ మాట రోగి కూడా నమ్మేస్తుంది. "అన్నీ ఉన్నాయి, అయినా ఇలా ఉన్నాను, నేనే మంచిదాన్ని కాదు" అనుకుంటుంది. తనని తాను తప్పు పట్టుకోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. ఇంట్లోవాళ్ల మాట దానికి తోడవుతుంది.

అమ్మగారిని చూడకుండా నేను జబ్బు నిర్ధారించలేను. మీరు చెప్పినవాటిని బట్టి ఆలోచించాల్సిన దారి మాత్రం చెప్పగలను.

మనకి దిగులు ఉంది, బెంగ ఉంది, గుబులు ఉంది. ఇవన్నీ మనసుకి సహజంగా వచ్చేవే. అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ ఏడవడం దిగులు. ఆ దిగుల్లో కూడా మనిషి మధ్యలో ఒకసారి నవ్వుతుంది, పాత సంగతి ఏదో చెప్పుకుంటుంది, మనవడు ఒళ్లో కూర్చుంటే కాసేపు తేరుకుంటుంది. డిప్రెషన్‌లో ఆ తేరుకోవడమే పోతుంది. మనసు బాగోకపోవడం గానీ, ఇష్టమైనవాటి మీద కూడా ఇష్టం పోవడం గానీ, ఈ రెండిట్లో కనీసం ఒకటి రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకి తగ్గకుండా ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత, తన మీద తనకున్న నమ్మకం, కదలికలో చురుకు, బతకాలన్న కోరిక, వీటిలో కొన్ని దెబ్బతినాలి. మొత్తం తొమ్మిది లక్షణాల్లో ఐదు ఉంటే, వాటివల్ల రోజువారీ పనులు కుంటుపడుతుంటే, మేం డిప్రెషన్ అంటాం.

కానీ మా దగ్గరికి వచ్చే అమ్మలెవరూ "నాకు దిగులుగా ఉంది" అనరు. "ఒళ్లు పచ్చిపుండులా ఉంది డాక్టరుగారూ", "గ్యాస్ పైకి తన్నుతోంది", "తల బరువు", "గుండె దడ", "కాళ్లు లాగుతున్నాయి" అంటారు. అవి అబద్ధాలు కావు, నాటకం అంతకంటే కాదు. నొప్పిని అణిచే నాడులూ, మనసు స్థితిని నడిపే నాడులూ మెదడులో చాలావరకు కలిసే పని చేస్తాయి. అందుకే డిప్రెషన్‌లో నొప్పి నిజంగానే ఎక్కువ తెలుస్తుంది.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఓపీలో ఒకావిడ నెలకోసారి వచ్చేది, ఒళ్లునొప్పులని. మేం బీకాంప్లెక్స్, గ్యాస్ మాత్ర రాసి పంపేవాళ్లం. నాలుగైదుసార్లు నేనే రాశాను. "నిద్ర పడుతోందా అమ్మా? దేనిమీదైనా మనసు పోతోందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగడానికి అర నిమిషం పడుతుంది. తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఏమైందో నాకు తెలియదు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు ఏ నొప్పితో వచ్చినా ఆ రెండు ప్రశ్నలూ అడగకుండా పంపను.

ఇక కారణాల సంగతి. ఒకే ఒక్క కారణం కోసం వెతికితే దొరకదు. మీ అమ్మగారి విషయంలోనే చూడండి, మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే నాకు అరడజను కనిపిస్తున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ మనిషిని పడగొట్టేంత పెద్దది కాకపోవచ్చు. కానీ అన్నీ ఒకే రెండేళ్లలో వచ్చిపడ్డాయి.

మొదట ఒంటి సంగతి చూడాలి, ఎందుకంటే సులభంగా సరిచేయగలిగింది అదే. థైరాయిడ్ తగ్గితే నీరసం, మందకొడితనం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. రక్తం తక్కువగా ఉన్నా అంతే. శాకాహారుల్లో విటమిన్ బీ12 లోపం మనకి చాలా ఎక్కువ. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో ఇంకా తగ్గుతుంది. అసలు షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే సుమారు రెండింతలు కనిపిస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు కూడా మనసుని తలకిందులు చేయగలవు. స్కానింగులు అన్నీ చేయించారు గానీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి. అమ్మ వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరో చెబితే కొనుక్కున్న పొడులు, లేహ్యాలు కూడా అందులో ఉండాలి.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. నెలసరి ఆగిపోయే ముందూ వెనకా ఉండే ఆ కొన్నేళ్లలో హార్మోన్ల హెచ్చుతగ్గులు, రాత్రిపూట ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టి నిద్ర చెడటం, ఇవి చాలామంది ఆడవాళ్లని డిప్రెషన్ అంచుదాకా తీసుకొస్తాయి. కాన్పు తర్వాత నెలలూ ఇలాంటివే. మీరు పుట్టినప్పుడో తమ్ముడు పుట్టినప్పుడో అమ్మ కొన్నాళ్లు ఇలాగే ఉన్నారేమో ఆవిణ్నే మెల్లగా అడగండి. "బాలింతరాలు, ఊరికే ఏడ్చేది" అని పెద్దవాళ్లు కొట్టిపారేసిన సంగతి ఒకటి బయటపడొచ్చు. ఒకసారి డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లలో సుమారు సగం మందికి జీవితంలో మళ్లీ వస్తుంది కాబట్టి ఆ సమాచారం మాకు చాలా విలువైనది.

తర్వాత రక్తసంబంధం. కవలల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, డిప్రెషన్ ఎవరికి వస్తుందన్నదానిలో వంశపారంపర్యం వాటా 40 శాతానికి కాస్త తక్కువగా తేలింది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు. దీన్ని విధిరాతలా తీసుకోవద్దు. మిగతా అరవై శాతం జీవితంలో జరిగేవాటిదే. కానీ మన కుటుంబాల్లో ఈ చరిత్ర ఎవరూ సరిగా చెప్పరు. "పెద్దమ్మ నీళ్లు తోడుతూ కాలు జారి బావిలో పడింది" అని చెబుతారు. "బాబాయి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు" అంటారు. "ఆ అత్తకి గాలి సోకింది" అంటారు. ఇలాంటి కథ మీ అమ్మమ్మ వైపు ఉంటే డాక్టరుకి దాచకండి. పరువు తక్కువ అనుకోవద్దు, ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి అది పనికొస్తుంది.

మెదడులో ఏం జరుగుతుందో కూడా అడిగారు. "సెరటోనిన్ తగ్గిందట కదా" అని చాలామంది అడుగుతారు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబితే అందులో ఎంత నిజముందో మీకే అర్థమవుతుంది. మన సర్పగంధి మొక్క బీపీ తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ప్రపంచానికి చూపించారు. ఆ వేరునుంచి తీసిన రెసర్పిన్ అనే మందు వాడిన బీపీ రోగుల్లో కొందరు దిగులుగా కుంగిపోవడం ఆ తర్వాతి ఏళ్లలో డాక్టర్లు గమనించారు. ఆ రోజుల్లోనే అమెరికాలో క్షయకి ఇచ్చిన ఇప్రోనియాజిడ్ అనే మందు రోగుల్లో హుషారు తెచ్చింది. మొదటిది మెదడులో సెరటోనిన్, నోరెపినెఫ్రిన్ లాంటి రసాయనాలని తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. అక్కడినుంచే "ఇవి తగ్గితే డిప్రెషన్" అన్న సిద్ధాంతం పుట్టింది. దానివల్ల మంచి మందులు వచ్చాయి. కానీ ఒక చిక్కు ఉండిపోయింది. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లోనే ఆ రసాయనాల స్థాయి మారుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. కాబట్టి ట్యాంకులో నీళ్లు తగ్గితే పోసినట్టు కాదు ఈ వ్యవహారం. దీర్ఘకాలం ఒత్తిడి ఉంటే కార్టిసాల్ అనే హార్మోన్ లయ చెడుతుంది, నిద్ర గడియారం ముందుకి జరుగుతుంది, మెదడు కణాల మధ్య కొత్త అల్లికలు తగ్గుతాయి. మందు నెమ్మదిగా ఆ అల్లికలు మళ్లీ పెరిగేలా సాయపడుతుందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. మీ అమ్మ మూడింటికే లేవడం, పొద్దున పూట మరీ భారంగా ఉండి సాయంత్రానికి కాస్త నయం అనిపించడం (అలా ఉందా అని అడిగి చూడండి), ఈ లయ చెడిందనడానికి మంచి గుర్తు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన వాక్యం: "ఊరినుంచి ఫ్లాట్‌కి మారారు."

ఊళ్లో అమ్మకి ఏమేం ఉండేవో ఒకసారి రాసి చూడండి. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంటే పలకరించే ఎదురింటావిడ. పాలవాడితో రెండు మాటలు. పెరట్లో కరివేపాకు కోసం వచ్చే పక్కింటి కోడలు. శనివారం గుడి. వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి నలుగురు చేరే డాబా. ఇవేవీ ఆస్తి లెక్కల్లోకి రావు, అందుకే నాన్నగారి "ఏం లోటు" జాబితాలో లేవు. ఇప్పుడు ఏడో అంతస్తు, మూసిన తలుపు, లిఫ్టులో ఎవరూ మొహం చూడరు. ఆపైన, తన బాధ ఎవరితో చెప్పుకునేదో ఆ మనిషి, వాళ్లమ్మ, పోయారు. అమ్మమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడేదని మీరే రాశారు. పోయింది అమ్మమ్మ ఒక్కరే కాదు, ఆ రోజువారీ ఫోను కూడా.

ఇది నా ఊహ కాదు. 1970లలో లండన్‌లోని క్యాంబర్‌వెల్ అనే పేటలో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఆడవాళ్లని ఇంటింటికీ వెళ్లి కూర్చోబెట్టి అడిగారు. డిప్రెషన్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు కొద్ది నెలల్లో పెద్ద దెబ్బో, ఏళ్లుగా సాగుతున్న కష్టమో ఉంది. అయితే అంతే దెబ్బ తగిలినా కొందరికి రాలేదు. ఆ తేడా తెచ్చినవాటిలో ముఖ్యమైనది, మనసు విప్పి చెప్పుకోగలిగిన దగ్గరి మనిషి ఉండటం. ఇల్లు గడవని సంసారం, చిన్నపిల్లలు, బయట ఉద్యోగం లేకపోవడం, చిన్నప్పుడే తల్లి పోవడం లాంటివి కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయి. కానీ నా రోగుల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది ఆ "చెప్పుకునే మనిషి" లేకపోవడమే. మగవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. మగవాళ్లలో డిప్రెషన్ కోపంగా, మద్యం తాగడంగా బయటపడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి జబ్బని తోచదు. రిటైరైన నాన్నగారు ఎలా ఉన్నారో కూడా ఒక కన్నేసి ఉంచండి.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మొదలైన కారణం వేరు, కొనసాగే కారణం వేరు. అమ్మమ్మ పోవడంతోనో ఊరు మారడంతోనో మొదలై ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని నడిపిస్తున్నది నిద్ర లేకపోవడం, నిద్ర లేక నీరసం, నీరసంతో కదలకపోవడం, కదలక ఎవరినీ కలవకపోవడం, కలవక మళ్లీ అవే ఆలోచనలు తిరగడం. ఈ చక్రం తనంతట తానే తిరుగుతుంది. అందుకే "మళ్లీ ఊరికి పంపేస్తే సరిపోతుందా" అన్న మీ ప్రశ్నకి నా జవాబు, ఇప్పుడే వద్దు. కాస్త కోలుకున్నాక అమ్మనే నిర్ణయించుకోనివ్వండి. డిప్రెషన్‌లో ఉండగా ఇల్లు అమ్మడం, మారడం లాంటి పెద్ద నిర్ణయాలు తీసుకోకపోవడం మంచిది. కారణం పూర్తిగా తేలేదాకా వైద్యం ఆపాల్సిన పని కూడా లేదు. ఇల్లు కాలుతుంటే ఎలా అంటుకుందో తర్వాత చూడొచ్చు.

సైకియాట్రిస్టు దగ్గర ఏం జరుగుతుందో నాన్నగారికి ముందే చెప్పండి, సగం భయం పోతుంది. కరెంటు పెడతారనీ, పిచ్చి ముద్ర వేస్తారనీ ఆయన అనుకుంటూ ఉండొచ్చు. జరిగేది మాట్లాడటం. ఎప్పుడైనా దీనికి పూర్తి వ్యతిరేకంగా, నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా, గలగలా మాట్లాడుతూ, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టిన రోజులున్నాయా అని తప్పక అడుగుతారు. ఉంటే అది బైపోలార్ కావచ్చు, దానికి మందులు వేరు. అందుకే మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలో, పక్కింటావిడకి పనిచేసిన మాత్రలో తెచ్చి వేయొద్దు.

డిప్రెషన్‌కి మామూలుగా మొదలుపెట్టే ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులకి అలవాటుపడిపోరు. ఇది వందసార్లు చెప్పినా తక్కువే. మొదటి వారం పది రోజులు కాస్త వికారం, కంగారు, తలనొప్పి ఉండొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు పడుతుంది. ఎక్కువమంది మానేసేది రెండో వారంలోనే, ఇబ్బందులు వచ్చేసి గుణం ఇంకా రాని సమయంలో. ఆ రోజుల్లో మీరు రోజూ ఫోన్ చేయండి. మొదటి మందుతోనే పూర్తిగా కోలుకునేవాళ్లు మూడింట ఒక వంతు మాత్రమే. మిగతావాళ్లకి మోతాదు మార్చాలి, మందు మార్చాలి. అది వైద్యం విఫలమైనట్టు కాదు. తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, దాన్నే జనం అలవాటు అనుకుంటారు.

మందుతోపాటు మాటల వైద్యం. "కౌన్సెలింగ్ అంటే నీతులు చెబుతారు" అని అమ్మ అనుకోవచ్చు. పనిచేసే పద్ధతులు చాలా సాదాగా ఉంటాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడిస్తే తీవ్రమైన డిప్రెషన్ కూడా తగ్గుతుందని మానసిక వైద్య పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో చూపించింది. ఆ పద్ధతిలో ప్రధానమైన సూత్రం, మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా చిన్న పనితో మొదలుపెట్టడం. మీ అమ్మ విషయంలో అది సాయంత్రం నాన్నగారితో కలిసి పావుగంట కింద నడవడం కావచ్చు, బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ కావచ్చు. "లే, హుషారుగా ఉండు" అనొద్దు. "నేనూ వస్తాను, పద" అనడం సాయం చేస్తుంది. పూజలు, గుడి ఆవిడకి ఇష్టమైతే తీసుకెళ్లండి, మందు మానమనే వాళ్ల దగ్గరికి మాత్రం వద్దు.

మన దేశంలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని తేలింది. ఆ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి వైద్యం అందట్లేదని కూడా ఆ సర్వేలోనే తేలింది. మీ అమ్మగారిని ఆ 85లో ఉంచకండి.

మీరు అడగని ఒక విషయం నేనే అడుగుతున్నాను. అమ్మ ఎప్పుడైనా "నేనెందుకు బతకాలి", "మీకు భారమైపోయాను", "అమ్మ దగ్గరికి వెళ్లిపోతే బావుండు" అన్నారా? అన్నా అనకపోయినా, పక్కన కూర్చుని నేరుగా అడగండి: "అమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఇన్నాళ్లూ ఒక్కరే మోసింది దించుకునే వీలు దొరుకుతుంది. "అవును" అంటే ఆవిణ్ని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మాత్రలు, పురుగుమందుల్లాంటివి అందకుండా తీసేయండి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరు బెంగళూరునుంచి కూడా చేయొచ్చు.

చివర్లో రాశారు, తమ్ముడికి ఇంకా చెప్పలేదని, దూరంగా ఉన్నాడు కంగారుపడతాడని. చెప్పండి. అమ్మ వీడియో కాల్‌లో మొహం తిప్పుకోవడం అతనూ చూస్తూనే ఉండి ఉంటాడు, కారణం తెలియక తనమీద కోపమేమో అనుకుంటూ ఉండొచ్చు. అక్కడినుంచి అతను చేయగలిగింది చాలా ఉంది. అమ్మమ్మ ఫోన్ చేసే వేళకే రోజూ పది నిమిషాలు ఫోన్ చేయమనండి. అమ్మ మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆఫీసు సంగతో, పిల్లాడు అన్నం తినని సంగతో అతనే చెబుతూ ఉంటే చాలు. అది అయ్యాక ఫోన్ నాన్నగారికి ఇమ్మని, ఆయన ఎలా ఉన్నారో కూడా అడగమనండి. డాక్టరుని కలిశాక ఏమన్నారో ఇక్కడే రాయండి, చూస్తాను.